ఎడమకి చూసే చిలక

దిండి,
9 ఫిబ్రవరి 2009.

ఓసేయ్ సలోమీ,

మేమంతా బాగున్నామని రాస్తే నువ్వు ఎలాగూ నమ్మవు. అందుకని, నేను ప్రపంచ ప్రఖ్యాతి పొందానని రాస్తున్నాను. ఇదీ నమ్మవు, కానీ ఇది నిజం.

కంప్యూటర్లో ఉత్తరాలు రాయమని నువ్వు పోరుతున్నావు. రాజోలు నెట్ సెంటర్లో ఉత్తరం రాయడమంటే సంతలో చీర మార్చుకోవడమే. పోయిన నెల మా ఆయన గురించి నీకు రెండు మాటలు రాశానా, సాయంత్రానికల్లా సఖినేటిపల్లి రేవులో ఆయనకే ఎవరో చదివి వినిపించారు. అందుకే మళ్ళీ కాగితమూ కలమూ.

సంగతి ఏమిటంటే, మా అంగన్‌వాడీకి ఆటవస్తువులు వస్తాయని పై ఆఫీసువాళ్ళు ఆరేళ్ళుగా చెబుతున్నారు. అవి వచ్చేలోపు నా పిల్లలకి మీసాలొచ్చేస్తాయని, నేనే కొబ్బరాకుతో చిలకలూ పాములూ చేతిగడియారాలూ చేసి ఇస్తుంటాను. నెట్ సెంటర్ రవికుమార్ వాళ్ళ పాపని దింపడానికొచ్చి అది చూశాడు. "టీచర్‌గారూ, ఓసారి ఇంకోటి చెయ్యండి" అని కెమెరా పెట్టాడు. వీడియోల సైటులో పెట్టాడు. మూడు వారాల్లో నాలుగు లక్షలమంది చూశారు. నా మొహం లేదు, చేతులొక్కటే. మొహం కూడా ఉండి ఉంటే ఆ నాలుగు లక్షలు నాలుగు వందలయ్యేవని మా ఆయన అభిప్రాయం.

అలా చూసిన వీడియోల పక్కన ప్రకటనలు వేసి, చేసినవాళ్ళకి డబ్బులిస్తారట. రవికుమార్ అర్జీ తెరిచాడు. దేశం పేరు ఎంచుకోమంది. పదో పన్నెండో పేర్లున్నాయి. "ఇండియా లేదండి టీచర్‌గారూ. రెండుసార్లు చూసేను" అన్నాడు, తనే తీసేసినట్టు తల వంచుకుని. మీ ఐర్లండు ఉందే. దాని పక్కనే మనం ఉండాలి కదా ఇంగ్లీషు అక్షరాల వరసలో. మనల్ని దాటి వెళ్ళిపోయారు.

నవ్వులాటకి రాయడం లేదు. నీకు తెలుసుగా, రేవులో జనాన్ని దాటించే పంటు తాడు తెగి తగిలిన దగ్గర్నుంచి మా ఆయన కుడి భుజం లేవదు. లావణ్య నర్సింగులో చేరింది, నిన్ను చూసే. మూడేళ్ళు చదివించాలి. అమలాపురం ఏజెంటు నాకు కువైట్ వీసా తెచ్చాడు. ఇంటిపని, రెండేళ్ళ ఒప్పందం, జూన్ రెండో వారంలో ప్రయాణం. ఈ చిలకల డబ్బు ఏ మాత్రం వచ్చినా నేను వెళ్ళక్కర్లేదు. నాకు వెళ్ళాలని లేదే. నలభయ్యోపడిలో పడబోతూ ఇంకొకరి స్నానాలగది కడగడం నేర్చుకోవాలంటే సిగ్గుగా ఉంది.

నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఏమైనా దారి ఉందేమో చూడు. నీకు చిలక చెయ్యడం గుర్తుందా? కాలవగట్టు మీద నేను నేర్పేదాన్ని, నువ్వు ఎడంచేత్తో మడిచేదానివి. అందరి చిలకలూ కుడికి చూస్తే నీది ఎడమకి చూసేది. మీ నాన్నగారు అబ్రహాము మాస్టారు "ఇది అలిగిన చిలక" అనేవారు.

నీ
గంగ


కార్క్, ఐర్లండు,
1 మార్చి 2009.

ప్రపంచ ప్రఖ్యాత గంగాదేవిగారికి,

మీ అభిమాని సలోమి వ్రాయునది. మొన్న వార్డులో డ్యూటీ దిగి, మన రవికుమార్ పెట్టినదేదో చూద్దామని తెరిచాను. చేతులు కనిపించాయి. బొటనవేలి మీద మచ్చ చూడగానే, మామిడికుదురులో మామిడికాయలు దొంగిలించి గోడ దూకిన రోజు గుర్తొచ్చి ఏడ్చాను. పక్కనున్న ఐరిష్ సిస్టరు, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, మా స్నేహితురాలు చిలక చేసింది అన్నాను. ఆవిడ మెల్లిగా టీ తెచ్చి ఇచ్చింది. ఇక్కడ దేనికైనా టీయే మందు.

పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, నాకు వచ్చిన ప్రఖ్యాతి ఏమిటంటే, సూది నొప్పి లేకుండా గుచ్చుతానని. అదీ కళ్ళు మూసుకున్న రోగులే చెబుతారు.

నీ పని మీద వెంటనే కూర్చున్నాను. నీ వీడియో తీసి, నా పేరున, ఐర్లండు అని పెట్టాను. రెండో రోజే జవాబు వచ్చింది: ఇది ఇదివరకే ఇంకొకరు పెట్టినది, మీ సొంత పని కాదు, డబ్బు ఇవ్వం. దొంగసొత్తు పట్టుకున్నట్టు నా ఖాతాకి ఒక హెచ్చరిక కూడా తగిలించారు. చర్చిలో సండేస్కూలు చెప్పేదాన్ని, నాకు ఈ వయసులో ఇదొకటి.

నువ్వు కువైట్ మాట ఎత్తకు. జూన్‌కి ఇంకా మూడు నెలలుంది. నేను ఇంకో దారి చూస్తాను. చూస్తానన్నానంటే చూస్తాను.

నీ
సలోమి


దిండి,
28 మార్చి 2009.

ఓసేయ్ దొంగసొత్తూ,

నీ ఉత్తరం చదివి మా ఇంట్లో సభ జరిగింది. మా ఆయన నరసింహమూర్తిగారు అధ్యక్షులు. ముప్ఫయ్యేళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకి జనాన్ని దాటించిన మనిషి కదా, దేశాలు దాటించడం ఎంతసేపు అనుకున్నారు. "ఆ జాబితాలో ఫ్రాన్సు ఉందన్నావు కదే?" అన్నారు. ఉందన్నాను. "మరి యానాం ఫ్రాన్సే కదా" అన్నారు.

నవ్వకు. మేమెవరమూ నవ్వలేదు. నాకు, రవికుమార్‌కి కూడా ఆ క్షణంలో అది గొప్ప ఆలోచనలాగే తోచింది. యానాం ఎప్పుడో ఇండియాలో కలిసిందని మాకు తెలియక కాదు. కలిసినా ఇంకా కొంచెం మిగిలి ఉంటుందేమోనని ఆశ.

ముగ్గురం బయల్దేరాం. అమలాపురంలో బస్సు మారి, ఎదుర్లంక వంతెన దాటి దిగాం. అక్కడ సీతారత్నంగారని మా ఆయనకి తెలిసిన పెద్దావిడ. వాళ్ళాయన ఫ్రెంచివాళ్ళ పటాలంలో పనిచేసి పోయారు, ఆవిడకి ఇప్పటికీ ఫ్రాన్సు నుంచి పింఛను వస్తుంది. మేం వెళ్ళి విషయం చెప్పగానే "ఆయ్, దానికేం భాగ్యమండీ, మా అడ్రసు పెట్టుకోండి. మీరు ముందు భోజనానికి లేవండి" అన్నారు. పులస కాదు గాని మంచి చేపే పెట్టారు. ఎందుకొచ్చామో కూడా పూర్తిగా వినలేదు పాపం.

అక్కడే ఒక నెట్ సెంటర్లో కూర్చుని రవికుమార్ ఫ్రాన్సు ఎంచాడు. అంతే, తెరంతా ఫ్రెంచిలోకి మారిపోయింది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. సీతారత్నంగారిని పిలుచుకొచ్చాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "నాకు సంతకం ఒక్కటే వచ్చునమ్మా" అన్నారు. ఎలాగో తంటాలుపడి నింపాం. పిన్‌కోడు దగ్గర ఆగింది. మనకి ఆరంకెలు, వాళ్ళకి అయిదేనట. ఆరోది ఎంత నొక్కినా తీసుకోదు. సరేనని ఆఖరి అంకె వదిలేశాడు. ఒక్క అంకె వదిలితే ఫ్రాన్సువాళ్ళం అయిపోతామంటే, నేను రెండు వదలడానికైనా సిద్ధమే.

వారానికి జవాబు వచ్చింది. ఆ అడ్రసు ఫ్రాన్సులో ఎక్కడా లేదట. బ్యాంకు ఖాతా కూడా అక్కడిదే కావాలట. నీ అదృష్టం, నీకు హెచ్చరిక ఒక్కటే వచ్చింది. మాకు ఫ్రెంచిలో వచ్చింది, ఏమన్నారో తెలియక నాలుగు రోజులు భయపడ్డాం.

మా ఆయనకి మాత్రం యానాం ప్రయాణం వృథా పోలేదు. అక్కడ సరుకు చవక. సంచిలో రెండు సీసాలు గలగలలాడుతుంటే, వంతెన మీద చెక్‌పోస్టులో నేను దగ్గుతూ కూర్చున్నాను.

మెడికల్ టెస్టులు చేయించేశాడు ఏజెంటు. పాస్‌పోర్టులో ఫోటో చూస్తే నన్ను నేనే ఇంట్లోకి రానివ్వను. ఇంకో దారి అన్నావు, ఏమైంది?

నీ
గంగ


కార్క్,
19 ఏప్రిల్ 2009.

గంగా,

యానాం కథ మా వార్డులో ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆ ఆరో అంకె దగ్గర అందరూ నవ్వారు, ఒకాయనకి కుట్లు వేసినచోట నొప్పి పుట్టింది.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. మట్టల ఆదివారానికి చర్చిలో ఎండిన ఆకు పాయలు ఒక్కొక్కటి పంచారు. మన ఊళ్ళో అయితే కొబ్బరిమట్టలు పట్టుకుని వీధులన్నీ తిరిగేవాళ్ళం. ఇక్కడ ఆకు కూడా లెక్కకి ఒకటే. మిగిలినవి ఒక కట్ట ఉంటే ఫాదర్‌గారిని అడిగి తెచ్చుకున్నాను. ఊరికే, చేతులు ఊరుకోక. నీళ్ళలో నానబెడితే మెత్తబడ్డాయి.

డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి. దారి చూస్తూనే ఉన్నాను. కొంచెం ఓపిక పట్టు. లావణ్యని అడిగానని చెప్పు. ఫీజులకి ఇబ్బంది పడొద్దు అను, ఏదో ఒకటి అవుతుంది.

ఇంకా ఏదో రాయాలనుకున్నాను. బస్సు వేళయింది.

సలోమి


దిండి,
18 మే 2009.

సలోమీ,

నీ ఉత్తరం పోస్టుకార్డంత ఉంది. కవరులో ఎందుకు పెట్టావు?

ఇక్కడో వింత జరిగింది, నీకు చెప్పకపోతే నాకు తోచదు. నిన్న రవికుమార్ పరిగెత్తుకొచ్చి "టీచర్‌గారూ, మీ చిలక ఇంకో దేశంలో వాలిందండి" అన్నాడు. వెళ్ళి చూశాను. ఎవరో ఒకావిడ. మొహం లేదు, చేతులొక్కటే, నాలాగే. అవీ కనబడకుండా గ్లౌజులు, మీ ఆస్పత్రుల్లో వేసుకునేలాంటివి. చిలకని చెయ్యడానికి గ్లౌజులెందుకో, దానికేమైనా ఆపరేషనా?

పక్కనే పసుప్పచ్చ పెట్టెలో ప్రకటన వస్తోంది. "ఆ పెట్టె వచ్చిందంటే ఆవిడకి డబ్బు పడుతున్నట్టేనండి" అన్నాడు రవికుమార్. నాది తెరిచి చూపించాడు. ఇప్పుడు ఏడు లక్షలు. పక్కన అంతా ఖాళీ. మా పిల్లలకి అక్షరాలు దిద్దించే పలకలాగుంది.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. చచ్చేంత వచ్చింది. నా చిలకని చూసి తను చెయ్యడం తప్పు కాదు, మా పిల్లలూ చూసే నేర్చుకుంటారు. నేనూ మా పెదనాన్న దగ్గర చూసే నేర్చుకున్నాను. కానీ అదే ఆకు, అవే మడతలు. ఆవిడ కూర్చున్న చోట చేస్తే పని, నేను కూర్చున్న చోట చేస్తే సరదా. ఇది ఎవరు నిర్ణయించారో వాళ్ళని ఒక్కసారి మా అంగన్‌వాడీలో కూర్చోబెట్టి నలభైమంది పిల్లల్ని అప్పగించాలని ఉంది.

పైగా ఆవిడ సరిగ్గా చెయ్యలేదే. మూడో మడత వెనకనుంచి తిప్పింది. ఎడంచేతి వాటం మనిషి. చిలక ఎడమకి చూస్తోంది.

ఆవిడది మీ ఊరేనట, కింద రాసి ఉందన్నాడు రవికుమార్. నీకేమైనా తెలుసా? తెలిస్తే అడుగు. తిట్టొద్దు. అడుగు, అంతే.

నా టిక్కెట్టు జూన్ పద్నాలుగుకి ఖాయమైంది. ఈ ఉత్తరం నీకు చేరడానికి పది రోజులు, నువ్వు రాసింది నాకు చేరడానికి పది రోజులు. చేరినరోజే రాస్తే సరిపోతుంది. కావాలంటే నెట్ సెంటర్‌కే రాయి. ఊరంతా చదివితే చదవనీ, నాకేం సిగ్గులేదు.

గంగ


కార్క్,
9 జూన్ 2009.

గంగా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ డ్యూటీకి సంచిలో పెట్టుకుని వెళ్ళాను, రోజూ తెచ్చాను. నీకు తెలుసు. తెలిసే అడిగావు. నేనేనే.

మొదట నీ కోసమే చేశాను, ఇది నమ్ము. నీ వీడియో నేను పెడితే దొంగసొత్తు అన్నారు. దాన్నే చూసి నా చేతులతో చేసి పెడితే, నా సొంత పని అన్నారు. అదేం న్యాయమో నాకు అర్థం కాలేదు, కానీ దారి దొరికింది కదా అనుకున్నాను. డబ్బు వస్తే నీకు పంపిద్దాం, చెప్పి ఆశ పెట్టడమెందుకు, చేతిలో పడ్డాక చెబుదాం అనుకున్నాను. గ్లౌజులు ఎందుకంటావా, నువ్వు గుర్తుపట్టకూడదని. అంత తెలివి. నా చిలక ఎటు చూస్తుందో నేను చూసుకోలేదు.

తరవాత జనం చూడ్డం మొదలుపెట్టారు. గంగా, నలభై దగ్గరపడుతున్న నర్సుని నేను, నన్నెవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఏ దేశాలనుంచో రాస్తున్నారు, మీ చేతుల్లో కళ ఉంది అని. రోజుకి పదిసార్లు చూసుకునేదాన్ని. వార్డులో బీపీ చూస్తూ కూడా మనసు అక్కడే. చర్చి పత్రికలో కూడా వేశారు. మొదటి డబ్బు పోయిన వారం పడింది. దాంతో ఏం చేశానో తెలుసా? ఇంకా మంచి కెమెరా కొన్నాను. పాము కూడా బాగా రావాలని. అదీ నీ కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. సండేస్కూల్లో పిల్లలకి దొంగతనం చెయ్యకూడదని చెప్పేది నేనే.

ఒక్కటి మాత్రం, నేను ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే నీ పేరే చెప్పేదాన్ని.

లావణ్య కాలేజీకి నేనే ఫీజు పంపుతున్నాను, మూడేళ్ళూ. నువ్వు ఆ విమానం ఎక్కొద్దు. నెట్ సెంటర్‌కి రాద్దామని కూర్చున్నాను. ఊరంతా చదువుతుందంటే చేతులు రాలేదు. అందుకని పోస్టులోనే వేస్తున్నాను. ఇది ఆలస్యంగా చేరుతుందని తెలిసీ వేస్తున్నాను. అదీ రాసేస్తున్నాను.

సలోమి


కువైట్,
3 సెప్టెంబర్ 2009.

సలోమీ,

నీ ఉత్తరం దిండిలో నేను లేని ఇంటికి చేరింది. మా ఆయన విప్పకుండా దాచి, ఇక్కడికి వస్తున్న రాజోలు మనిషి చేతికిచ్చి పంపారు. తన గురించి ఏదైనా ఉందేమోనని విప్పి ఉండరు.

నేను బాగానే ఉన్నాను. స్నానాలగదులు అయిదు. ఒక్కొక్కటీ మా అంగన్‌వాడీ అంత ఉంది, నిజం చెప్పాలంటే దానికన్నా శుభ్రంగా కూడా ఉంది. మొదటివారం ఒకదాంట్లో కొళాయి ఎలా కట్టాలో తెలియక నిలువునా తడిసిపోయి, ఏం తెలియనట్టు బయటికొచ్చాను. మేడమ్ మంచిదే. పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. రెండేళ్ళయ్యాక ఇస్తుంది.

ఫీజు కట్టావని లావణ్య రాసింది. వద్దనను. అంత రోషం చూపించేదాన్నైతే, ఆరో అంకె వదిలేసి ఫ్రాన్సు మనిషిని అవుదామని యానాం ఎందుకు వెళ్తాను?

కోపం ఉందా అంటే ఉంది. నువ్వు మడిచినందుకు కాదు. డబ్బుకీ కాదు. ఆ దేశాల వరస రాసింది నువ్వు కాదుగా. నేను అడిగినప్పుడు పన్నెండు రోజులు నన్ను సంచిలో వేసుకు తిరిగావు చూడు, అందుకు. తిట్టుకుంటాను, గిన్నెలు తోముతున్నంతసేపూ. మళ్ళీ చేతులు తుడుచుకునేసరికి, కాలవగట్టు మీద నీ అలిగిన చిలక గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఈ రెండిట్లో ఏది నిజమో నాకే తెలియదు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. ఈ ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉంది, నా వెనకే తిరుగుతుంది. ఇంగ్లీషు బడి. నాకొచ్చిన నాలుగు ముక్కలూ దానికున్న ఓపికా కలిపి మాట్లాడుకుంటాం. ఒకరోజు పెరట్లో ఖర్జూరపాకు కోసి, దానికో చిలక చేసి ఇచ్చాను. మన కొబ్బరాకులా మాట వినదు ఆ ఆకు, గుచ్చుకుంటుంది. అయినా బాగానే వచ్చింది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పు చేశావంది. చెయ్యి పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్ళింది. నీ గ్లౌజులు వచ్చాయి. "చూడు, చిలక ఇటు చూడాలి" అంది.

ఏం చెయ్యను? జీతం తీసుకుంటున్నాను. నీ వీడియో ముందు కూర్చుని, మూడో మడత వెనకనుంచి ఎలా తిప్పాలో నేర్చుకున్నాను. నాలుగుసార్లు చెడిపోయింది. అయిదోసారికి ఎడమకి చూసింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

అప్పుడు ఉండబట్టలేక చెప్పాను, ఆవిడ నా స్నేహితురాలు, ఆవిడకి ఇది నేర్పింది నేనే అని. పిల్ల నవ్వింది. కాదంది. కింద ఎవరో అడిగారట, ఇంత చక్కటి పని మీకు ఎవరు నేర్పారని. ఆవిడే జవాబు రాసిందట. వేలు పెట్టి చదివి వినిపించింది: మా అమ్మమ్మ నేర్పింది.

నీకు అమ్మమ్మ ఎక్కడుందే? నువ్వు పుట్టకముందే పోయిందని మాస్టారు చెప్పేవారు.

ఈ దేశం కూడా ఆ వరసలో లేదు. చూశాను. మొహమాటం ఎందుకు, వచ్చిన రెండో రోజే పిల్లతో చూపించుకున్నాను.

లావణ్యకి ఇంజక్షను నొప్పి లేకుండా ఎలా గుచ్చాలో రాసి పంపు. ఆ విద్య నీ సొంతం కదా.

ఇట్లు,
మీ అమ్మమ్మ